తెనాలి, గుంటూరు చుట్టుపక్కల నొప్పి మాత్రల అలవాటుకి మందుతో వైద్యం ఎక్కడ చేస్తారు?

తెనాలి_అక్క
సోమవారం, రాత్రి 10:40

మా తమ్ముడికి 34 ఏళ్ళు. లారీ నడిపేవాడు. 2021లో చిలకలూరిపేట దగ్గర యాక్సిడెంట్ అయ్యి తొడ ఎముక విరిగింది, నడుముకి దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేసిన డాక్టరు నెల రోజులకి ట్రమడాల్ అనే నొప్పి మాత్ర రాశారు. నెల తర్వాత నొప్పి తగ్గింది గానీ మాత్ర ఆగలేదు. ఆ తర్వాత ఎవరో చెబితే టాపెంటాడాల్‌కి మారాడు. ఇప్పుడు రోజుకి ఒక షీటు, అంటే పది మాత్రలు.

ఒక్క పూట ఆలస్యమైతే చాలు, వరసగా ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు. రాత్రంతా కాళ్ళు మంచానికేసి కొట్టుకుంటూనే ఉంటాడు. మా అమ్మ పక్కన కూర్చుని తెల్లారే దాకా కాళ్ళు పిసుకుతుంది.

పోయినేడాది ఒక ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్లో 45 రోజులు పెట్టాం. నా గాజులు తాకట్టు పెట్టి 60 వేలు కట్టాం. వాళ్ళు మందంటూ ఏదీ ఇవ్వలేదు. గదిలో పెట్టి తాళం వేశారు. ఫోను కూడా ఇవ్వలేదు. బయటికొచ్చిన తొమ్మిదో రోజున మళ్ళీ వేసుకున్నాడు. అదీ పాత లెక్కలోనే, ఒకేసారి. పెదాలు నీలంగా అయిపోయి, గురక లాంటి శబ్దం తప్ప పిలిస్తే పలకలేదు. 108లో తీసుకెళ్ళాం. బతికాడు.

ఆ రాత్రి ఎమర్జెన్సీలో ఉన్న చిన్న డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "దీనికి బుప్రెనార్ఫిన్ అనే మందు ఉందక్కా, సైకియాట్రీలో అడగండి" అంది. ఊళ్ళో మూడు మెడికల్ షాపులు తిరిగాను. ఎవరి దగ్గరా లేదు. ఒకతను నన్నే అనుమానంగా చూశాడు. ఈ మందు ఎక్కడ ఇస్తారు? తెనాలికి దగ్గరలో ఉంటే బాగుంటుంది. రోజూ తీసుకెళ్ళమన్నా తీసుకెళ్తాను.

ఊరివాడు
ముందు ఆ షీట్లు ఇచ్చే షాపు మీద కంప్లయింట్ పెట్టండి.

తెనాలి_అక్క
పెట్టాలనే ఉంది అన్నా. కానీ రేపే అది మూసేస్తే ఎల్లుండి వీడి పరిస్థితి ఏంటి? ముందు వైద్యం దొరకాలి, తర్వాత షాపు సంగతి చూస్తాను.

మందులషాపు_గుంటూరు
నేను ఫార్మసిస్ట్‌ని, 19 ఏళ్ళుగా షాపు నడుపుతున్నాను. మీకు షాపుల్లో దొరక్కపోవడానికి కారణం ఉందమ్మా. అలవాటు మాన్పించడానికి వాడే మాత్రలో బుప్రెనార్ఫిన్‌తో పాటు ఈ రకం మత్తుని అడ్డుకునే నాలొక్సోన్ అనే ఇంకో మందు కలిసి ఉంటుంది. దాన్ని డీ అడిక్షన్ కేంద్రాలకి మాత్రమే సరఫరా చేయాలని మన దేశంలో షరతు పెట్టారు. మామూలు మెడికల్ షాపులో దొరకదు. ఎవరైనా చాటుగా అమ్ముతానంటే కొనకండి. అది నిజమైన మాత్రో కాదో తెలియదు, పైగా కేసవుతుంది.

ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నియంత్రణ చట్టం) కిందికి తెచ్చారు. అప్పటినుంచి లెక్కలు గట్టిగా రాయాల్సి వస్తోందని చాలా షాపులు పెట్టడం మానేశాయి. ట్రమడాల్ దొరకనివాళ్ళు చాలామంది టాపెంటాడాల్‌కి మారారు. మీ తమ్ముడి కథ నాకు కౌంటర్లో నిలబడి చూసినట్టే ఉంది. మా వృత్తిలో కొందరు చేస్తున్న పనికి నిజంగా సిగ్గుపడుతున్నాను.

మల్లేశ్_ఖమ్మం
నాకొకటి అర్థం కాదు. ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తు ఇవ్వడం వైద్యం ఎలా అవుతుంది? మా పెద్దనాన్న నల్లమందు అలవాటుని ఒక్క వారంలో మానేశాడు. మంచం మీద పడి మూలిగాడు, లేచాడు, అంతే. మనిషికి పట్టుదల ఉండాలి. మీరంతా కాళ్ళు పిసుకుతుంటే అతను ఎప్పటికీ మానడు.

రెండోసారి
మల్లేశ్ గారూ, నేను అలా నాలుగు సార్లు మూలిగి లేచాను. నాలుగు సార్లూ మళ్ళీ పడ్డాను.

నాది ఇంజెక్షన్ కథ. ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేసేవాణ్ణి. రాత్రి డ్యూటీలు, నడుము నొప్పి, చేతికి అందేంత దూరంలో పెంటజోసిన్ అనే నొప్పి ఇంజెక్షన్. రెండేళ్ళలో చేతుల మీద నరం దొరకని స్థితికి వచ్చాను. ఉద్యోగం పోయింది. నిశ్చితార్థం ఆగిపోయింది. పట్టుదల లేక కాదు. ఆ వారం రోజులూ ఎలాగో ఓర్చుకోవచ్చు. తర్వాత నెలల తరబడి నిద్ర రాదు, దేని మీదా మనసు నిలవదు, ఒళ్ళంతా ఏదో వెలితి. మనిషి పడిపోయేది అక్కడే. ఆ వెలితిని మోసేది ఈ మందే. ఇప్పటికి మూడేళ్ళయింది, రోజూ పొద్దున నాలుక కింద పెట్టుకుంటున్నాను. మత్తు రాదు. నిద్రపోతున్నాను, పనికి వెళ్తున్నాను, చెల్లెలి పెళ్ళి చేశాను.

నా పేరు 'రెండోసారి' ఎందుకంటే, మొదటిసారి బాగానే ఉందని రెండు నెలలకే ఆపేశాను. మూడు వారాల్లో మళ్ళీ సూది. ఇది రెండోసారి మొదలుపెట్టిన వైద్యం.

అక్కా, మీ తమ్ముడికి దారి ఉంది.

సైక్_పీజీ
సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. మల్లేశ్ గారి సందేహం మా ఓపీకి వచ్చే ప్రతి ఇంటివాళ్ళకీ ఉంటుంది. వాళ్ళకి నేను చెప్పేదే ఇక్కడా చెబుతాను.

మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం కదా. మెదడులో ఈ మందులు కూర్చునే సీట్లు ఉంటాయి. టాపెంటాడాల్, హెరాయిన్, నల్లమందు అన్నీ ఆ సీట్లలోనే కూర్చుంటాయి. బుప్రెనార్ఫిన్ ఆ సీటు మీద గట్టిగా తువ్వాలు వేసేస్తుంది. సీటు ఖాళీగా లేదు కాబట్టి ఒళ్ళు పీకడం, విరేచనాలు ఉండవు. తర్వాత పాత మాత్ర వేసుకున్నా దానికి కూర్చునే చోటు దొరకదు కాబట్టి కిక్ రాదు. ఇది సీటుని సగమే ఉత్తేజపరుస్తుంది, అందువల్ల డోసు పెంచుకుంటూ పోయినా ఊపిరి మీద దాని ప్రభావం ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. హెరాయిన్‌కి అలాంటి హద్దు లేదు.

అయితే రెండు జాగ్రత్తలు ప్రాణానికి సంబంధించినవి. మద్యంతో గానీ, ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలతో గానీ కలిస్తే ఆ రక్షణ ఉండదు, ఊపిరి ఆగిపోవచ్చు. మీ తమ్ముడు వాటిని కూడా వాడుతుంటే దాచకుండా డాక్టరుకి చెప్పాలి.

రెండోది, తొందరపడి మొదలుపెట్టకూడదు. పాత మాత్ర ఇంకా సీట్లో ఉండగానే ఇది వేస్తే, ఉన్నవాళ్ళందరినీ ఒక్కసారే బస్సులోంచి తోసేసినట్టు అవుతుంది. అరగంటలో, మాత్ర ఆగితే వచ్చే బాధలన్నీ కలిసి, భరించలేని విత్‌డ్రాయల్ వస్తుంది. మామూలు మాత్రలైతే ఆఖరి డోసు వేసుకుని కనీసం 12 గంటలు, నిదానంగా కరిగే రకమైతే 24 గంటలు లేదా ఇంకా ఎక్కువ ఆగమంటాం. ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కంటిపాప పెద్దదవడం చూసి, మార్కులు వేసుకుని, అప్పుడు మొదటి మాత్ర ఇస్తాం. అందుకే ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

ఇంకో మాట. సెంటర్ నుంచి వచ్చాక మీ తమ్ముడి పెదాలు నీలంగా మారడం ఎందుకో మీకు ఎవరైనా చెప్పారా? 45 రోజులు లేకపోయేసరికి ఒంటికి ఓర్చుకునే శక్తి తగ్గిపోయింది. పాత లెక్క ఇప్పుడు విషం. మందు లేకుండా కేవలం మాన్పించి ఇంటికి పంపిస్తే ఉండే పెద్ద ప్రమాదం ఇదే.

తెనాలి_అక్క
ఎవరూ చెప్పలేదు డాక్టరు గారూ. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే ఆ తొమ్మిది రోజులూ వాణ్ణి ఒంటరిగా వదిలేదాన్ని కాదు.

బస్సు తువ్వాలు సంగతి అమ్మకి చదివి వినిపించాను. "అయితే ఆ తువ్వాలే వేయించు" అంది.

చీరాల_రాజు
మా ఇంటి దగ్గర ఒకాయన టీవీలో ప్రకటన చూసి పొడి తెప్పించాడు. తెలియకుండా కూరలో కలిపి పెడితే మానేస్తారట. ట్రై చేయకూడదా?

మందులషాపు_గుంటూరు
వద్దు. ఆ పొడుల్లో ఏముందో ప్యాకెట్ మీద ఉండదు. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మందు ఉంది, దాన్నే చాలామంది చెప్పకుండా కలుపుతారు. అది మనిషికి తెలియకుండా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. పైగా అది మద్యం మాన్పించడానికే, నొప్పి మాత్రల అలవాటుకి అస్సలు పనికిరాదు. ఏ మందైనా మనిషికి చెప్పే ఇవ్వాలి.

నెల్లూరు_ఫీల్డ్‌వర్కర్
ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టులో పదేళ్ళు పనిచేశాను. అక్క అడిగిన అసలు ప్రశ్నకి, అంటే ఎక్కడ అనేదానికి వస్తాను.

బుప్రెనార్ఫిన్ ప్రభుత్వం తరఫున ఇచ్చే దారులు రెండు మూడు ఉన్నాయి. ఒకటి న్యాకో, అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, మత్తుకి బదులు మందు ఇవ్వడానికి నడిపే ఓఎస్‌టీ కేంద్రాలు. ఇవి సూదితో ఎక్కించుకునేవాళ్ళ కోసం పెట్టినవి, హెచ్ఐవీ ఆపాలని. మామూలుగా రోజూ వెళ్ళి, నర్సు ముందే నాలుక కింద పెట్టుకోవాలి. పంజాబ్, మణిపూర్, మిజోరం వైపు ఇవి ఎక్కువ. మన దగ్గర తక్కువ. మీ తమ్ముడు మాత్రలే వేసుకుంటాడు కాబట్టి మీకు ఈ దారి కుదరకపోవచ్చు. రెండోసారి గారి లాంటివాళ్ళకి కుదురుతుంది.

రెండోది, కేంద్ర సామాజిక న్యాయ శాఖ డబ్బుతో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే పెట్టిన అడిక్షన్ ట్రీట్‌మెంట్ ఫెసిలిటీలు, ఏటీఎఫ్ అంటారు. ఢిల్లీ ఎయిమ్స్‌కి చెందిన ఘజియాబాద్ కేంద్రం వీటిని చూసుకుంటుంది. ఓపీ, మందులు ఉచితం. మూడోది మెడికల్ కాలేజీ ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాలు.

14446 అని కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. కానీ ఫోన్ చేసి "డీ అడిక్షన్ సెంటర్ కావాలి" అంటే ఎక్కువగా ఎన్జీఓలు నడిపే పునరావాస కేంద్రం అడ్రసు ఇస్తారు. అవి కౌన్సెలింగ్‌కి మంచివే, మందు ఉంటుందన్న హామీ లేదు. మీరు ఇలా అడగండి: "మాకు దగ్గర్లో ఏటీఎఫ్ ఏ ఆసుపత్రిలో ఉంది? అక్కడ బుప్రెనార్ఫిన్ ఇప్పుడు స్టాకు ఉందా?" ఆ పేరు పలికితేనే సరైన చోటికి పంపిస్తారు.

ఊరివాడు
పేరు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. నోరు తిరగదు, ఓపీ చీటీ రాసే దగ్గర ఇంకేదో రాసేస్తారు.

పాలమూరు_లక్ష్మి
ఫీల్డ్‌వర్కర్ గారు చెప్పింది బాగుంది కానీ పరిస్థితి అంత సాఫీగా లేదండీ. మా ఆయన్ని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వాళ్ళ దగ్గర ఆ మందు లేదు. క్లోనిడిన్, నిద్రమాత్ర, విరేచనాల మాత్ర రాసి పంపించారు. రెండు వారాలు ఓర్చుకున్నాడు. మూడో వారం మళ్ళీ మొదలు. ఆ ఆసుపత్రికి బస్సులో వెళ్ళి రావడానికే రోజంతా పట్టేది. మీరంతా మందు మందు అంటారు, ఆ మందు జిల్లా జిల్లాకీ ఉంటే కదా?

సైక్_పీజీ
మీ కోపం న్యాయమైనదండీ. క్లోనిడిన్ వణుకు, చెమట తగ్గిస్తుంది, ఆ కొద్ది రోజులు గట్టెక్కడానికి పనికొస్తుంది. మళ్ళీ మొదలుపెట్టకుండా కాపాడలేదు. లోపం మీ ఆయనది కాదు. 2019లో వచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో మన దేశంలో సుమారు 77 లక్షల మందికి ఈ రకం మత్తుల విషయంలో సాయం అవసరమని తేలింది. ఆ లెక్క ముందు ఇప్పుడున్న కేంద్రాలు ఏ మూలకీ చాలవు. పంజాబ్‌లో 2017లో జిల్లా ఆసుపత్రుల్లోనే ఓపీ పద్ధతిలో ఈ మందు ఇచ్చే కేంద్రాలు మొదలుపెట్టారు. ఆ పద్ధతి మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లాకీ రావాలి.

మీకు హైదరాబాద్ అందుబాటులో ఉంటే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ సైకియాట్రీ ఓపీలో అడగండి. ఉత్తరాంధ్ర వాళ్ళకి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. రాయలసీమలో కొందరికి బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర, అక్కడ అడిక్షన్‌కి ప్రత్యేక విభాగమే ఉంది. ఎక్కడికైనా బయల్దేరే ముందు ఫోన్ చేసి స్టాకు అడగండి. తెనాలి అక్కకి గుంటూరు పెద్దాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ రెండిట్లోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. ముందు అక్కడే విచారించండి.

మల్లేశ్_ఖమ్మం
పెదాలు నీలంగా మారిన సంగతి నేను సరిగ్గా చదవలేదు. అక్కా, కాళ్ళు పిసకడం గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. మందు మీద నా అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. ఎన్నాళ్ళు వాడాలి? జీవితాంతమా?

రెండోసారి
నేనూ అదే అడిగాను మా డాక్టర్ని. "నీకు షుగర్ ఉంటే మాత్ర ఎన్నాళ్ళని అడుగుతావా?" అన్నారు. నాకు మాత్రం ఆ పోలిక ముందు నచ్చలేదు. షుగర్ ఉన్నవాణ్ణి ఎవరూ దొంగలా చూడరు కదా. ఇప్పుడు మెల్లగా ఒప్పుకున్నాను.

సైక్_పీజీ
ఇన్ని రోజులే అని గీత గీసి చెప్పలేం. నెలల్లో కాదు, కనీసం ఏడాది రెండేళ్ళు అనుకుని మొదలుపెట్టమంటాం. ఇల్లు, పని, నిద్ర కుదుటపడ్డాక, మనిషే కోరుకుంటే చాలా నిదానంగా తగ్గిస్తాం. కొందరికి ఎక్కువ ఏళ్ళు కావాలి. అందులో తప్పేమీ లేదు. ఇంటివాళ్ళు మాత్రం ఇంక ఆపెయ్ అని తొందరపెట్టకండి.

పూర్తిగా మానేసినవాళ్ళకి నాల్ట్రెక్సోన్ అనే ఇంకో మందు ఉంది. దాంతో మత్తూ రాదు, ఒంటికి అలవాటూ కాదు. కానీ మొదలుపెట్టడానికి ముందు వారం పది రోజులు ఏ మాత్రా ఒంట్లో ఉండకూడదు. చాలామంది ఆ పది రోజులే దాటలేరు.

డల్లాస్_పద్మ
ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళలో కూడా ఇది ఉంది. గుడి దగ్గర, పాట్‌లక్‌లలో ఎవరూ చెప్పుకోరు, అంతే. మా అక్క కొడుక్కి కాలేజీలో మోకాలి ఆపరేషన్ తర్వాత రాసిన నొప్పి మాత్ర ఆక్సీకోడోన్‌తో మొదలైంది. ఏడాది పాటు మాకు తెలియదు.

ఇక్కడున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇదివరకు బుప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లకి ప్రత్యేక అనుమతి కావాల్సొచ్చేది. 2022 డిసెంబర్‌లో వచ్చిన చట్టంతో అది తీసేశారు. ఇప్పుడు మామూలు ఫ్యామిలీ డాక్టరు కూడా రాయవచ్చు, పక్కనున్న ఫార్మసీలోనే తీసుకోవచ్చు. ఇదే వైద్యానికి వాడే ఇంకో మందు మెథడోన్‌కి మాత్రం లైసెన్స్ ఉన్న క్లినిక్‌లకే వెళ్ళాలి. మావాడు మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరే తీసుకుంటున్నాడు. మాత్రలు ఎక్కువై ఊపిరి ఆగుతుంటే కొట్టే నాలొక్సోన్ ముక్కు స్ప్రే చీటీ లేకుండా అమ్ముతున్నారు, 2023 నుంచి. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

తెనాలి_అక్క గారూ, మీ దగ్గర ఆ స్ప్రే దొరుకుతుందా?

మందులషాపు_గుంటూరు
మన దగ్గర నాలొక్సోన్ ఇంజెక్షన్ రూపంలో ఆసుపత్రుల్లో ఉంటుంది పద్మ గారూ. ఇంట్లో పెట్టుకునే అలవాటు ఇంకా రాలేదు. మనవాళ్ళు చేయగలిగింది: మనిషి పలక్కుండా, ఊపిరి నెమ్మదిగా, గురకలా వస్తుంటే వెంటనే 108కి ఫోన్ చేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఏం వేసుకున్నాడో దాచకుండా చెప్పడం. షీటు కూడా వెంట తీసుకెళ్ళండి. చాలామంది పరువు కోసం "ఫుడ్ పాయిజన్" అని చెప్పి విలువైన అరగంట పోగొడతారు.

తెనాలి_అక్క
నా భయం ఇంకోటి ఉంది. ఆసుపత్రిలో పేరు రాయిస్తే పోలీసులకి చెబుతారా? వాడి లైసెన్స్ పోతుందేమోనని మా మరదలు ఏడుస్తోంది. లారీ తప్ప వాడికి ఇంకో పని రాదు.

విశాఖ_వకీలు
భయపడకండి. వైద్యానికి వచ్చినవాళ్ళ జాబితా పోలీసులకి పంపే పద్ధతి లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. కాబట్టి 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. సొంతంగా వాడినందుకో, చిన్న పరిమాణానికో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తానే ముందుకొచ్చి గుర్తింపు ఉన్న కేంద్రంలో వైద్యం పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఇంకొకటి. మీరు చెప్పిన 45 రోజుల తాళం సంగతి నన్ను కలవరపెట్టింది. ఇలాంటి కేంద్రాలు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్టర్ అయి ఉండాలి. మనిషి తనకి తానుగా చేరితే వెళ్ళిపోతానన్నప్పుడు మామూలుగా పంపించాలి. ఇంటివాళ్ళ దరఖాస్తు మీద చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అదీ 30 రోజులకి మించకూడదు, మించితే మళ్ళీ వేరే ప్రక్రియ ఉంది. ఎవరినీ గొలుసులతో కట్టకూడదు, అది 95వ సెక్షన్. డబ్బు కట్టే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. సైకియాట్రిస్ట్ ఎవరు, ఏ రోజుల్లో వస్తారు అని అడగండి. నీళ్ళు నమిలితే వెనక్కి వచ్చేయండి.

లారీ_సుబ్బు
లైసెన్స్ గురించి నేను చెబుతాను చెల్లెమ్మా. నేను 22 ఏళ్ళుగా స్టీరింగ్ మీద ఉన్నాను. హైవే మీద ఢాబాల దగ్గర ఈ మాత్రలు, నల్లమందు ఎంతమంది వేసుకుంటారో నాకు తెలుసు. రెండు రాత్రులు నిద్ర లేకుండా లోడు దింపాలి, ఓనర్ ఫోన్ మీద ఫోన్. సరదాకి వేసుకునేవాడు తక్కువ. మీ తమ్ముడు నడుముకి దెబ్బ తగిలాక కూడా ఆ సీట్లో కూర్చోవాల్సొచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

వైద్యం మొదలైన మొదటి రోజుల్లో బండి ఎక్కనివ్వకండి, డాక్టరు సరే అన్నాకే. మా క్లీనర్ ఒకడు ఇదే మందు మీద ఉన్నాడు. ఇప్పుడు లోకల్ ట్రిప్పులు తోలుతున్నాడు.

తెనాలి_అక్క
శుక్రవారం, రాత్రి 9:15

వెళ్ళొచ్చాం. ఊరు చిన్నది, వాణ్ణి గుర్తుపడతారు, అందుకే ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. ప్రభుత్వ ఆసుపత్రే, తెనాలి నుంచి గంటన్నర. నాలుగు చోట్లకి ఫోన్ చేస్తే రెండు చోట్ల మందు లేదన్నారు, ఒక చోట ఎత్తలేదు, నాలుగో చోట "రేపు ఉదయం తీసుకురండి, మాత్ర వేసుకుని రావద్దు" అన్నారు.

బుధవారం తీసుకెళ్తే డాక్టరు చూసి, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నావని అడిగారు. తెల్లవారుజామున చాటుగా రెండు వేసుకున్నాడట. "ఇవాళ ఇవ్వను, ఇస్తే నువ్వే నన్ను తిడతావు" అని నవ్వుతూ చెప్పి, రక్తపరీక్షలు చేయించి, పొద్దున రమ్మన్నారు. లివరు, హెచ్ఐవీ, హెపటైటిస్ అన్నీ చూశారు. ఆ రాత్రి నరకం. అమ్మ, నేను, మరదలు వంతులు వేసుకుని కూర్చున్నాం. వాడు గోడకి తల కొట్టుకుంటుంటే బస్సు తువ్వాలు కథ మళ్ళీ మళ్ళీ చెప్పాను.

గురువారం పొద్దున పదింటికి మొదటి మాత్ర నాలుక కింద పెట్టారు. నర్సమ్మ ఎదురుగా కూర్చుంది. కరగడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ముప్పావు గంటకి ఆవలింతలు ఆగాయి. మధ్యాహ్నం ఇంకోటి ఇచ్చారు. రెండింటికి వాడు నా వైపు చూసి, "అక్కా, పులిహోర తెచ్చావా?" అన్నాడు.

మూడేళ్ళలో వాడు నోరు తెరిచి అన్నం అడగడం ఇదే మొదటిసారి. బయట వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

రెండోసారి
చదువుతుంటే నా కళ్ళూ తడిసాయి అక్కా. నాకు అప్పుడు ఇడ్లీ.

కొన్ని చిన్న సంగతులు, నేను పడ్డ తిప్పల వల్ల చెబుతున్నాను. మాత్ర పెట్టుకునే ముందు నోరు నీళ్ళతో తడుపుకోమనండి, తొందరగా కరుగుతుంది. కరిగేదాకా మాట్లాడకూడదు, ఉమ్ము మింగకూడదు. మింగితే పొట్టలోకి పోయి సగం కూడా పనిచేయదు. ఇదే మందు వాడే మా బావమరిది ఫోన్ మోగితే "హలో" అంటూ మింగేసేవాడు, అందుకే ఆ పది నిమిషాలూ వాళ్ళమ్మాయి ఫోను దాచేసేది. కరిగాక నీళ్ళు పుక్కిలించి మింగాలి, గంట దాకా బ్రష్ చేయకూడదు, పళ్ళు పాడవుతాయి. మలబద్ధకం, చెమట ఉంటాయి. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకి ఈ మందు సంగతి ముందే చెప్పాలి.

పాలమూరు_లక్ష్మి
తెనాలి అక్కా, మీరు నాలుగు చోట్లకి ఫోన్ చేశారని చదివి నేనూ ఇవాళ 14446కి చేశాను. ఏటీఎఫ్ అనే మాట వాడాను. రెండు పేర్లు చెప్పారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే స్టాకు ఉందన్నారు. సోమవారం వెళ్తున్నాం. ఆయన ఇంకా సరే అనలేదు, "చూద్దాం" అన్నాడు. అది నాకు చాలు.

నెల్లూరు_ఫీల్డ్‌వర్కర్
"చూద్దాం" అన్నాడంటే సగం పని అయినట్టేనమ్మా. పదేళ్ళలో నేను విన్న మంచి మాటల్లో అదొకటి.

తెనాలి_అక్క
మూడో వారం, ఆదివారం

మొదటి వారం రోజూ వెళ్ళాం. ఇప్పుడు వారానికి సరిపడా మందు ఇస్తున్నారు, మరదలి చేతికి ఇచ్చి సంతకం చేయించుకుంటారు. ఆ సంతకం వల్ల వాడికి మొదట చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు వాడే గుర్తుచేస్తున్నాడు. ఒకసారి ఐదో రోజున పాత మాత్ర ఒకటి వేసుకున్నాడట, ఏమీ అనిపించలేదట. వాడే డాక్టరుకి చెప్పాడు. ఆయన తిట్టలేదు, డోసు కొంచెం పెంచారు. నడుము నొప్పికి ఫిజియోథెరపీకి కూడా రాశారు. ఐదేళ్ళ కిందటే రాయాల్సింది అది.

షాపు మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి నిన్న కాగితం పెట్టాను, ఊరివాడన్నా.

మల్లేశ్_ఖమ్మం
మా ఊళ్ళో ఒక కుర్రాడున్నాడు. పదో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. వాళ్ళ నాన్నతో రేపు మాట్లాడతాను. పట్టుదల గురించి చెప్పనులెండి. సైక్_పీజీ గారూ, ఖమ్మం వైపు ఎక్కడ అడగాలో చెప్పండి.

సైక్_పీజీ
మీకు విడిగా మెసేజ్ పెట్టాను మాస్టారూ. తండ్రితో మాట్లాడేటప్పుడు అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

కొత్తసభ్యుడు_41
థ్రెడ్ మొత్తం చదివాను. నాకే సమస్య. రోజుకి 12 మాత్రలు. ఇంట్లో ఎవరికీ తెలియదు. కర్నూలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తెనాలి_అక్క
తమ్ముడూ, ముందు 14446కి ఫోన్ చేసి ఏటీఎఫ్ ఎక్కడుందో, మందు ఉందో అడుగు. ఈలోపు నువ్వే సొంతంగా ఒక్కసారిగా ఆపేయొద్దు. నిద్రమాత్రలు, మద్యం కలపొద్దు. ఎప్పటినుంచి ఆపి రావాలో వాళ్ళనే అడుగు, ఆఖరి మాత్ర ఏ టైముకి వేసుకున్నావో కాగితం మీద రాసుకుని వెళ్ళు, అబద్ధం చెప్పొద్దు. తోడు ఎవరూ లేకపోతే చెప్పు, ఆసుపత్రి లైన్లో నిలబడినంతసేపూ నేను ఫోన్లో ఉంటాను. మెసేజ్ పెట్టాను, చూడు.